బొగ్గు ఊరి పియానో

1945 ఏప్రిల్ 25న కలకత్తాలో ఒక అమెరికా నల్లజాతి పియానిస్టు కలరాతో చనిపోయాడు. పేరు టెడ్డీ వెదర్‌ఫర్డ్, వయసు 41. అప్పటికి గ్రాండ్ హోటల్ బ్యాండుకు అతనే నాయకుడు. యుద్ధం పుణ్యమా అని ఊరినిండా దిగిన అమెరికన్, బ్రిటిష్ సిపాయిలకు సాయంత్రమైతే అతని పియానోయే కాలక్షేపం. అంతటివాడి పేరు ఇవాళ షికాగోలో చెబితే జాజ్ పిచ్చి బాగా ముదిరినవాళ్ళు తప్ప గుర్తుపట్టరు. కలకత్తాలో అలాంటివాళ్ళు ఇంకా తక్కువ. భిలాయిలో పుట్టి షికాగోలో బతుకుతున్నవాణ్ణి కాబట్టేమో, ఈ మనిషి సంగతి నన్ను పట్టుకుని వదలడం లేదు.

వెదర్‌ఫర్డ్ 1903లో వర్జీనియాలోని పోకహాంటస్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. ఉక్కు కార్ఖానాలకు కావలసిన కోక్ తయారుచెయ్యడానికి ఆ ప్రాంతపు బొగ్గుకు అమెరికాలో పెద్ద పేరు. మా నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈ పియానిస్టు కథ మొదలుపెట్టగానే ఆయన వేసిన మొదటి ప్రశ్న, “ఆ బొగ్గులో బూడిద ఎంతరా?” అని. ఝరియా బొగ్గులోని బూడిదతో తాము పడ్డ అవస్థలు ఏకరువు పెట్టాక గానీ మళ్ళీ పియానో దగ్గరికి రానివ్వలేదు.

నాన్నది పాలకొండ వైపు పల్లె. భిలాయి ప్లాంటుకు సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం మనుషులు పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పోయే రైలెక్కి రాయ్‌పూర్ దాటి భిలాయిలో దిగడం మొదలైంది. ముందొచ్చినవాడు తమ్ముణ్ణి, తమ్ముడు బావమరిదిని పిలిపించుకున్నారు. అక్కడి ఖుర్సీపార్‌లో ఇప్పటికీ కొన్ని సందుల్లో హిందీ వినాలంటే వెతుక్కోవాలి.

వెదర్‌ఫర్డ్ వలస కూడా చిన్నప్పుడే మొదలైంది. పన్నెండేళ్ళ ప్రాయంలో న్యూ ఆర్లియన్స్ చేరి పియానో నేర్చుకున్నాడు. ఇరవయ్యో పడిలో షికాగో. అప్పటికి ర్యాగ్‌టైమ్ ముదిరి జాజ్‌గా మారుతోంది. స్కాట్ జోప్లిన్ ‘మేపుల్ లీఫ్ ర్యాగ్’ 1899లో అచ్చయిన దగ్గర్నుంచి పియానిస్టులందరికీ ఎడమచెయ్యే పరీక్ష. అది కింద ఒక మంద్రస్వరం కొట్టి, పైకి గెంతి ఒక స్వరగుచ్ఛం కొట్టి, మళ్ళీ కిందికి రావాలి. తాళం ఇసుమంత జారకూడదు. కుడిచెయ్యి ఆ తాళాన్ని తప్పించుకుంటూ, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆడుకుంటుంది. మా చిన్నప్పుడు భిలాయిలో పద్యనాటకాలు ఆడించేటప్పుడు శ్రీకాకుళం నుంచి హార్మోనిస్టుని పిలిపించేవారు. ఎడమచెయ్యి తెల్లవార్లూ గాలి కొడుతూనే ఉండేది, వన్స్‌మోర్‌లన్నీ కుడిచేతికే పోయేవి. ర్యాగ్‌టైమ్ ఎడమచెయ్యీ ఆ కూలిదే.

షికాగోలో అతని కొలువు వెండోమ్ థియేటరులో. మూకీ సినిమాల కాలం. తెరమీద బొమ్మ ఆడుతుంటే కింద ఎర్స్‌కిన్ టేట్ ఆర్కెస్ట్రా వాయించేది. ఆ ఆర్కెస్ట్రా 1926 మేలో వొకాలియన్ కంపెనీకి రెండు పాటలు రికార్డు చేసింది. కార్నెట్ మీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో మీద వెదర్‌ఫర్డ్. లేబుల్ మీద మాత్రం టేట్ పేరే. సెషన్ వాద్యగాళ్ళ బతుకు ఎక్కడైనా అంతే. వాయించి, డబ్బులు తీసుకుని, ఇంటికి పోవడం. ‘స్టాంప్ ఆఫ్, లెట్స్ గో’ అన్న పాటలో పియానో వంతు వచ్చినప్పుడు వినండి. పక్కన ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడన్న జంకు ఏ కోశానా లేదు.

ఆ థియేటరు స్టేట్ స్ట్రీట్ మీద, 31వ వీధి దాటాక ఉండేది. కూల్చేసి చాలా ఏళ్ళయింది. పక్కనే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. మన తెలుగు పిల్లలు ఎంఎస్ కోసం బారులు తీరే కాలేజీల్లో అదొకటి. నేనూ అందులోంచి వచ్చినవాణ్ణే. ఆ వీధిలోనే 1956లో కట్టిన క్రౌన్ హాల్ ఉంది, అంతా ఉక్కు దూలాలూ గాజూ. భిలాయి నుంచి వచ్చినవాడికి ఆ దూలాలు కనిపిస్తాయి గానీ, ఎప్పుడో మాయమైన సినిమాహాలు గురించి చెప్పేవాళ్ళెవరు?

1926లోనే వెదర్‌ఫర్డ్ జాక్ కార్టర్ బ్యాండుతో ఓడెక్కి ఆసియా వెళ్ళిపోయాడు. షాంఘైలో స్థిరపడ్డాడు. 1933లో అక్కడికి వెళ్ళిన కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ తన ఆత్మకథలో ఇతని గురించి రాశాడు. మరుసటేడు బక్ క్లేటన్ బ్యాండును అమెరికా నుంచి షాంఘై రప్పించిందీ ఇతనే. 1937లో పారిస్ వెళ్ళి స్వింగ్ కంపెనీకి పియానో రికార్డులు ఇచ్చాడు. ఆ తర్వాత బొంబాయి తాజ్‌మహల్ హోటల్, కొలంబో, చివరికి కలకత్తా. బొంబాయి నుంచి కలకత్తాకు నాగపూర్ మీదుగా పోయే రైళ్ళు మా దుర్గ్ గుండానే వెళ్తాయి. అప్పటికి అక్కడ ప్లాంటు లేదు, పొలాలే. అతను ఆ దారిన వచ్చాడో అలహాబాద్ దారిన వచ్చాడో గానీ, ఆ లైను మీద రాత్రి బండి కూత వింటే నాకు ఆ మనిషే గుర్తొస్తాడు.

జాజ్ చరిత్ర రాసినవాళ్ళలో చాలామంది ఇతని ప్రయాణాన్ని ఒక నష్టంగా లెక్కకట్టారు. షికాగోలో ఇతని సాటి పియానిస్టు ఎర్ల్ హైన్స్ అక్కడే ఉండిపోయాడు. 1928లో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ‘వెదర్ బర్డ్’ రికార్డు చేశాడు, జాజ్ పియానోకే పితామహుడనిపించుకున్నాడు. వెళ్ళిపోయినవాడు అడుగున సన్న అక్షరాల్లో మిగిలాడు. నాకు ఈ లెక్క నచ్చదు. మంచి హోటలు వేదిక, సొంత బ్యాండు, నెలనెలా జీతం వదులుకుని, పుస్తకంలో పేరు కోసం ఎవరు కూర్చుంటారు? అలాగని ఆసియాలో అతను స్వర్గం చూశాడనీ అనను. 1943 కరువులో గ్రాండ్ హోటల్ లోపల బ్యాండు మోగుతుంటే, బయట అదే చౌరంగీ మీద ఆకలికి మనుషులు రాలిపోయారు. ఆ హోటలే అంతకు కొన్నేళ్ళ ముందు నీటివల్ల వచ్చిన రోగంతో అతిథులు చనిపోయి, మూతపడి, ఓబరాయ్ చేతికి వచ్చి మళ్ళీ తెరుచుకున్నది. వెదర్‌ఫర్డ్‌ని తీసుకుపోయిందీ నీటి రోగమే.

అతని కలకత్తా బ్యాండులో కొన్నాళ్ళు పాడిన జిమ్మీ విథర్‌స్పూన్ తర్వాత అమెరికా తిరిగి వెళ్ళి పెద్ద బ్లూస్ గాయకుడయ్యాడు. తిరిగి వెళ్ళినవాడికి చరిత్రలో చోటు దొరికింది. మా నాన్న తరం భిలాయి తెలుగువాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. పాలకొండలో వాళ్ళు ‘భిలాయోళ్ళు’, భిలాయిలో ‘మద్రాసీలు’. అసోసియేషన్ సావనీరు తప్పిస్తే ఏ జిల్లా చరిత్రలోనూ వాళ్ళ పేర్లుండవు.

వెదర్‌ఫర్డ్ పోయాక కలకత్తాలో పియానో ఆగలేదు. 1941లో డార్జిలింగ్‌లో పుట్టిన లూయీ బ్యాంక్స్ పార్క్ స్ట్రీట్ బ్లూ ఫాక్స్‌లో జాజ్ వాయించి, తర్వాత బొంబాయి చేరి, ఆర్.డి. బర్మన్ రికార్డింగుల్లో కీబోర్డుల ముందు కూర్చున్నాడు. వాణిజ్య ప్రకటనలకు ఆయన చేసిన సంగీతానికి లెక్కే లేదు. 1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదలైన దేశసమైక్యతా గీతం, భీమ్‌సేన్ జోషీ బాలమురళీకృష్ణా పాడినది, గుర్తుందిగా? బాణీ అశోక్ పత్కీది, వాద్యాల కూర్పు లూయీ బ్యాంక్స్‌ది. భిలాయిలో మా సెక్టార్‌లో ప్రతి క్వార్టర్‌లోనూ టీవీ ముందు కూర్చుని విన్నాం. ఒక జాజ్ పియానిస్టు పనితనం అన్నేళ్ళపాటు మా ఇళ్ళల్లోకి వస్తూనే ఉంది, ఆయన పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు.

డిసెంబరులో భిలాయి వెళ్ళినప్పుడు ఆ 1926 రికార్డు ఫోనులో పెట్టి నాన్నకి వినిపించాను. మూడు నిమిషాలూ కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తూ విన్నారు.

“ఏటో గోలగా ఉంది గానీ, చెయ్యి నిలకడగా ఉందిరా. ఇంతకీ ఈయన పోయినప్పుడు డ్యూటీలో ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే నాన్నా. కొద్ది వారాల ముందు దాకా వాయిస్తూనే ఉండి ఉంటాడు.”

“మరి పెళ్ళానికి ఏటిచ్చారు? ఉద్యోగం ఇచ్చారా?”

ప్లాంటులో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి గేటు దగ్గర కూర్చున్న కుటుంబాలను చూసిన మనిషి మరి.

“అది హోటలు నాన్నా, ప్లాంటు కాదు.”

“అంటే యూనియను లేదన్నమాట.”

“షికాగోలో ఉండేది. నల్లజాతి వాద్యకారులకి వేరే యూనియను, లోకల్ 208 అని, 1902లోనే పెట్టుకున్నారు.”

“అది వదిలేసి వచ్చేశాడా?” అని నాన్న నావంక ఒక చూపు చూసి, ఆ చెయ్యి ఇంకోసారి వినిపించమన్నారు.