తండ్రి పేరు మార్చకుండా

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో ‘డిపెండెంట్’ అనే మాట తెలియని ఇల్లాలు బహుశా ఉండదు. గల్ఫ్‌లో భర్త ఉద్యోగాన్ని ఆశ్రయించి భార్యాబిడ్డలకు లభించే ఇఖామాతో పాటు ఆ మాట కూడా మన ఇళ్లలోకి వచ్చింది. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం ఒక్కొక్క ఆధారితునిపై నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి అది 400 రియాళ్లు అయింది. చిన్న జీతగాళ్లు ఆ భారం మోయలేక కుటుంబాలను ఇంటికి పంపేశారు. అక్కడ ఎన్నేళ్లు గడిపినా ఆ నివాసం ఉద్యోగం ఉన్నంతవరకే. కెనడా వంటి దేశాలలో మాత్రం ఆధారిత సంతానమంటే శాశ్వత నివాస హక్కుకు అర్హత గల బిడ్డ అని అర్థం. ఈ తేడా వల్లనే మా బంధువర్గంలో ఒక పెద్ద ప్రశ్న తలెత్తింది.

నిర్మల్‌లో ఉండే మా ఫుప్పీ మనుమడికి ఇప్పుడు పదిహేనేళ్లు. సౌదీ రుసుము పెరిగినప్పుడు తల్లితోపాటు తిరిగివచ్చిన పిల్లలలో వాడూ ఒకడు. తర్వాత కొంతకాలానికి తల్లి జబ్బుచేసి మరణించింది. ఆపై తండ్రి రియాద్‌లో గుండెపోటుతో పోయాడు. ఖననం కూడా అక్కడే జరిగింది. నానమ్మ ఒడి తప్ప వాడికి మరో నీడ లేదు. కెనడాలో స్థిరపడిన మేనమామ వాడిని తన దగ్గరకు తీసుకుపోయి చదివిస్తానన్నాడు. ఆ సంకల్పాన్ని అల్లాహ్ స్వీకరించుగాక! చిక్కు వచ్చింది సంకల్పంలో కాదు, కాగితంలో.

ఒక ఏజెంటు వారికి సులువైన మార్గం చెప్పాడు. పిల్లవాడు మేనమామకు పుట్టిన కొడుకేనని కొత్త జనన ధృవపత్రం సంపాదించాలట. కెనడా నిబంధనల ప్రకారం 22 ఏళ్లలోపు అవివాహితుడైన కొడుకును పిలిపించుకునే తండ్రి సాధారణంగా ఆదాయం చూపనక్కరలేదు. రియాద్ నుంచి మరణ పత్రాలు తెప్పించే శ్రమ కూడా ఉండదు. “అనాథకు మేలు జరుగుతుంటే ఒక్క పేరు మారిస్తే ఏమవుతుంది, మౌలానా సాబ్?” అని బంధువులు నన్ను అడిగారు. అడిగినవారెవరూ చెడ్డవారు కారు. అందుకే జవాబు కొంచెం విడమరచి చెప్పవలసి వచ్చింది.

దైవప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)ను కన్నకొడుకులా పెంచారు. ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అనే పిలిచేవారు. అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతులలో అల్లాహ్ ఆ పిలుపును మాన్పించి, పెంచుకున్నవారిని వారి తండ్రుల పేరుతోనే పిలవాలని ఆదేశించాడు. ప్రేమను తగ్గించమని ఆదేశించలేదు. సహాబాలలో దివ్య ఖుర్‌ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఒకే ఒక్కరు ఈ జైద్ (రజి) అన్నది గుర్తుంచుకోదగినది. తల్లిదండ్రులను, తర్వాత తాతను పోగొట్టుకున్న దైవప్రవక్త (స)ను పినతండ్రి అబూతాలిబ్ తన బిడ్డలతో సమానంగా పెంచాడు. అయినా ఆయన అబ్దుల్లాహ్ కుమారుడుగానే ఉన్నారు. తెలిసి తెలిసి మరొకరిని తండ్రిగా చెప్పుకోవడం గురించి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఎంత కఠినమైన హెచ్చరిక ఉన్నదో చదువుకున్నవారికి తెలుసు. అనాథ పోషకునికి స్వర్గంలో తన సామీప్యం లభిస్తుందని రెండు వేళ్లు చూపి చెప్పిన ప్రవక్త (స) నోటనే ఆ హెచ్చరిక కూడా వెలువడింది.

చట్టప్రకారం దత్తత తీసుకోవచ్చు కదా అని మరొకరు అడిగారు. నిజమే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఏ మతస్థులనైనా అనుమతిస్తుంది. ముస్లిములు కోరుకుంటే ఆ దారి ఉందని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. కానీ అది తప్పనిసరి కాదు. పైగా దత్తత తర్వాత తల్లిదండ్రుల స్థానంలో పెంచుకున్నవారి పేర్లే నమోదవుతాయి. తిరిగి మొదటి ప్రశ్న దగ్గరకే వచ్చాం.

ఇక ఆస్తి విషయం. దీన్ని మనవాళ్లు మాట్లాడడానికి సిగ్గుపడతారు, షరీఅత్ సిగ్గుపడలేదు. ఆ తండ్రి పేర మూడెకరాల చేను ఉంది. భార్య ముందే చనిపోయింది, తండ్రీ లేడు. కనుక తల్లికి ఆరోవంతు, మిగిలిన అయిదు వంతులూ కొడుకువి. కొడుకు ఉండగా అన్నదమ్ములకు వాటా రాదు. కాగితం మీద ఈ పిల్లవాడు మేనమామ కొడుకైతే ఆ చేనుకు వారసులెవరు? తండ్రి అన్నదమ్ములు. అటుపక్క, వాస్తవంలో కొడుకు కాడు గనుక మేనమామ ఆస్తిలో వాడికి వారసత్వ హక్కు పుట్టదు. మేనమామ మూడోవంతుకు మించకుండా వసీయత్ చేస్తే తప్ప. అంటే ఇటు ఉన్నదీ పోయి, అటు హక్కూ రాదు. ఈ లెక్క చెప్పగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్నాన్న ఒకాయన, ఆయనకు నిజంగా ఈ ఆలోచన రాలేదని నా నమ్మకం, లేచి వెళ్లి ఫుప్పీకి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆ రాత్రి మేనమామ ఫోన్ చేశాడు. వలస శాఖ నియమాలు స్వయంగా చదివాడట. తల్లిదండ్రులిద్దరూ మరణించి, 18 ఏళ్లలోపు వయసుండి, పెళ్లికాని తోబుట్టువును గాని, తోబుట్టువు బిడ్డను గాని, మనుమడిని గాని అక్కడి పౌరుడు లేదా శాశ్వత నివాసి స్పాన్సర్ చేయవచ్చునని ఆ చట్టంలోనే ఉంది. రక్తసంబంధం గాని, దత్తత సంబంధం గాని ఉండాలి. తల్లిదండ్రులలో ఒకరు బతికే ఉండి, బిడ్డను వదిలి వెళ్లిపోయి ఉంటే ఈ దారి తెరుచుకోదు. ఆదాయం చూపాలి, పదేళ్లపాటు పిల్లవాడి పోషణకు పూచీ రాసివ్వాలి. కఫాలత్ అంటే మనం చెప్పుకునేదీ అదే కదా! అబద్ధపు పత్రం పెట్టి ఉంటే వలస అధికారులు డీఎన్‌ఏ పరీక్ష కోరవచ్చు. తప్పుడు సమాచారం రుజువైతే అయిదేళ్ల నిషేధం. ఏజెంటు ఈ సంగతి చెప్పలేదు. అమెరికాలో మేనల్లుడికి ఇటువంటి ప్రత్యేక వర్గమే లేదు కాబట్టి, ఒక దేశపు నియమాన్ని మరో దేశానికి వర్తింపజేసి ఎవరూ తొందరపడవద్దు.

మరో మాట కూడా చెప్పవలసి వచ్చింది. యుక్తవయసు వచ్చిన పిల్లవాడికి మేనమామ భార్య, కూతుళ్లు మహ్రమ్ కారు. కాగితం ఆ హద్దును చెరపలేదు. ఆ ఇల్లాలు నొచ్చుకోకుండా, కింది అంతస్తులో వాడికి వేరే గది ఏర్పాటు చేశామని చెప్పింది. నా బరువు సగం దిగింది.

పత్రాల పని మాత్రం తేలికగా లేదు. తండ్రి పేరు పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’, బడి రికార్డులో ‘ఎండీ’, పట్టాదారు పాసుపుస్తకంలో ‘మహ్మద్’. ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయడానికి మూడుసార్లు నిర్మల్ వెళ్లాను. 1890 నాటి గార్డియన్ల చట్టం కింద ఫుప్పీని సంరక్షకురాలిగా నియమించమని కోర్టులో దరఖాస్తు వేశాం. పిల్లవాడిని పంపడానికి ఆమె సమ్మతి చట్టబద్ధంగా ఉండాలి. పంపడానికి ఆమెకు మనసు ఒప్పుకుంటుందా అని అడిగాను. “వాడి తండ్రి కూడా ఎయిర్‌పోర్టు నుంచే వెళ్లాడు బేటా” అని మాత్రం అంది.

వాయిదా వచ్చే నెలలో ఉంది. తన ఆరోవంతు కూడా మనుమడి పేరనే రాసిస్తానని ఫుప్పీ అంటోంది. ఇప్పుడే వద్దని ఆపాను. ఆమె మందుల ఖర్చు ఆ చేను కౌలు నుంచే వస్తోంది.