ఎవరు దించిన ఆందోళన?

ఓసీడీ ఉన్న మనిషికి ఉపశమనం దగ్గరే చిక్కంతా. తలుపు గొళ్ళెం వేశానా లేదా అని అనుమానం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. వెళ్ళి చూస్తే దడ తగ్గుతుంది. అలా తగ్గింది కాబట్టే, మళ్ళీ అనుమానం రాగానే కాళ్ళు తలుపు వైపే నడుస్తాయి. అంటే జబ్బు అనుమానంలోనే లేదు, ఆ తగ్గడంలోనూ ఉంది. ఈ సంగతి నేను ఎప్పుడో చదువుకున్నాను. ఒంటబట్టింది మాత్రం మిన్నెసోటాలో ఉన్న మా అన్నయ్య వైద్యానికని గంజాయి తీసుకోవడం మొదలుపెట్టాక, నెలల తరబడి అతని మాటలు వింటూ ఉన్నప్పుడే.

మా ఇద్దరికీ ఈ జబ్బుంది. ఒక కడుపున పుట్టినవాళ్ళలో ఇది కలిసి కనబడటం డాక్టర్లకు కొత్తేమీ కాదు. నాకు తాళాలు, గ్యాస్ రెగ్యులేటరు. గుళ్ళో దేవుడి ముందు నిలబడితే నోట రాకూడని మాటలు మనసులోకి వచ్చి పడటం. అన్నయ్యకు కారు. మిన్నియాపాలిస్‌లో ఆఫీసు నుంచి వస్తుంటే చక్రం కింద చిన్న కుదుపు తగిలితే చాలు, ఎవరినో గుద్దేశానేమో అని బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళి రోడ్డంతా చూసి వచ్చేవాడు. మంచు కురిసే నెలల్లో ఆ రోడ్ల మీద గడ్డకట్టిన మంచు ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ప్రతి గడ్డ దగ్గరా అతనికి ఒక మనిషి పడి ఉన్నట్టే. ఇంటికొచ్చాక బంపరు మీద టార్చి వేసి చూసేవాడు. తర్వాత ఆ ఊరి వార్తల్లో ప్రమాదాలేమైనా ఉన్నాయేమో వెతికేవాడు. "ఏం తగల్లేదు కదా, నువ్వు చూశావు కదా" అని వదినను అడిగేవాడు. ఆవిడ తగల్లేదంటే కాస్త కుదుటపడి, కాసేపటికి మళ్ళీ అడిగేవాడు.

మిన్నెసోటాలో వైద్య గంజాయి 2015 జూలై నుంచే ఉంది. ఏయే జబ్బులకు ఇవ్వవచ్చో అక్కడి ఆరోగ్యశాఖ జాబితా పెట్టుకుంది. ఓసీడీని అందులో చేరుస్తున్నామని 2022 చివర్లో ప్రకటించి, 2023 ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అన్నయ్య దొడ్డిదారిన వెళ్ళలేదు. డాక్టరు చేత జబ్బు ధ్రువీకరణ చేయించుకున్నాడు, రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకున్నాడు, అమ్మే చోట ఫార్మసిస్టుతో కూర్చుని మాట్లాడాడు. ఆ ఫార్మసిస్టు మొదట అడిగింది అతను వేసుకుంటున్న మందుల చిట్టా. గంజాయిలో ఉండే సీబీడీ అనే పదార్థం, కొన్ని మందుల్ని అరగదీసే కాలేయపు ఎంజైముల పనిని నెమ్మదింపజేస్తుంది. అన్నయ్యలా ఎస్సిటాలోప్రామ్ వేసుకునేవాళ్ళకు రక్తంలో ఆ మందు స్థాయి పెరిగిపోవచ్చు. మన దగ్గర వాట్సాప్‌లో గంజాయి నూనె సీసా ఫొటో పంపి "ఇది మంచిదేనా అక్కా" అని నన్ను అడిగేవాళ్ళకు, ఆ నూనె అమ్మినవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను.

రాత్రి భోజనం అయ్యాక గంజాయి కలిపిన గమ్మీ మిఠాయి ఒకటి. అంతే. మొదటి వారాల్లో అన్నయ్య గొంతే మారిపోయింది. "అమ్ములూ, తలలో ఎప్పుడూ గిరగిరా తిరిగే ఫ్యాను ఎవరో ఆపేసినట్టుందే" అన్నాడు ఫోన్లో. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ తల ఎలా తిరుగుతుందో తెలిసినదాన్ని. ఆ రాత్రుల నెమ్మదిని ఇప్పటికీ నేను తక్కువ చేసి మాట్లాడను. బాధ తగ్గిందని ఒక మనిషి చెబితే, అది నిజం కాదనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఆ ఊపులోనే దీని మీద జరిగిన పరిశోధనలు వెతికి చదివాను. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో ప్రచురించిన అధ్యయనం అన్నయ్య మాటల్నే అంకెల్లో పెట్టినట్టు కనిపించింది. తమకు ఓసీడీ ఉందని చెప్పుకున్న 87 మంది, 31 నెలల్లో మొత్తం 1,810 సార్లు, గంజాయి తీసుకునే ముందూ తర్వాతా తమ స్థితిని ఫోన్‌లో నమోదు చేశారు. చేసి తీరాలనే ఒత్తిడి 60 శాతం, చొరబడే ఆలోచనలు 49 శాతం, ఆందోళన 52 శాతం తగ్గినట్టు లెక్క తేలింది. అయితే అక్కడ పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు లేదు. తీసుకున్నది గంజాయేనని అందరికీ తెలుసు, ఫలితం ఉంటుందని నమ్మి తీసుకున్నవాళ్ళే ఎక్కువమంది అయి ఉంటారు. ఆలోచనల మీద కలిగే ఫలితం రోజులు గడిచేకొద్దీ కొంత తగ్గుతూ పోయిందని కూడా ఆ పరిశోధకులే రాశారు.

రెండోది చదివాక ఆగిపోయాను. న్యూయార్క్‌లో రైలీ కేజర్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగం. ఓసీడీ ఉన్న 14 మంది పెద్దవాళ్ళను తీసుకుని, వేర్వేరు రోజుల్లో మూడు రకాల గంజాయి పొగ పీల్పించారు. ఒకదానిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎక్కువ, ఒకదానిలో సీబీడీ ఎక్కువ, మూడోదానిలో రెండూ లేవు. ఏది ఎప్పుడిచ్చారో పీల్చేవాళ్ళకు చెప్పలేదు. ఓసీడీ లక్షణాలు మూడింటితోనూ తగ్గాయి. మందు ఉన్నదానికీ లేనిదానికీ తేడా తేలలేదు. ఆందోళన అయితే, ఏమీ లేని పొగ పీల్చినప్పుడే ఎక్కువ తగ్గింది. చిన్న ప్రయోగమే, ఒక్కో మోతాదుతో చేసిందే. దాంతో గంజాయి పనికిరాదని తీర్పు చెప్పేయలేం. కానీ మొదటి అధ్యయనంలోని 60 శాతంలో మొక్క వాటా ఎంత, ఎదురుచూపు వాటా ఎంత అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

దానికి జవాబు లాంటిది వదిన నోట విన్నాను. "రాత్రి గమ్మీ వేసుకుంటే కారు తీయకూడదు కదా అమ్మాయ్. కారు తీయడు కాబట్టి వెనక్కి వెళ్ళి చూసేదీ లేదు. పొద్దున ఆఫీసుకు వెళ్ళేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఆలస్యం" అంది. ఎంత చదివినా నాకు తట్టనిది, అతని పక్కన బతికే మనిషికి ఒక్క ముక్కలో తేలిపోయింది. రాత్రుళ్ళు నెమ్మదిగా ఉన్నది భయం పోయి కాదు, భయం ఎదురయ్యే చోటుకు అతను వెళ్ళకపోవడం వల్ల. మరో సంగతి అన్నయ్యే చెప్పాడు. సాయంత్రం ఆఫీసులో అనుమానం ముదిరినప్పుడు "ఇంటికెళ్ళి గమ్మీ వేసుకుంటే సర్దుకుంటుంది" అనుకుని ఆ కాసేపు నెట్టుకొస్తున్నాడట. అది వింటుంటే నా ఒళ్ళు జలదరించింది. ఇంటికెళ్ళి తాళం చూసుకుంటే సర్దుకుంటుంది, అమ్మకు ఫోన్ చేస్తే సర్దుకుంటుంది అని ఏళ్ళ తరబడి నన్ను నడిపించిన వాక్యం సరిగ్గా అదే.

నా వైద్యం వేరే దారిలో నడిచింది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. భయపెట్టేదాని ఎదుటికి కావాలనే వెళ్ళడం, వెళ్ళాక భయం తగ్గించుకోవడానికి రోజూ చేసే పనిని చేయకపోవడం. 1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త లండన్‌లో ఇద్దరు రోగులకు ఇలాంటి వైద్యం చేసి ఫలితాలు ప్రచురించాడు. వాళ్ళు తమ తంతు మొదలుపెట్టకుండా నర్సులు వెన్నంటే ఉండేవారట. అంతకు ముందు ఈ జబ్బు దాదాపు కుదరదనే అనుకునేవారు. నా విషయంలో నర్సులు లేరు. నేనూ, మెట్ల మీద నిలబడిన నా థెరపిస్టూ. తాళం ఒక్కసారి వేసి, లాగి చూడకుండా, కిందికి దిగి వీధి చివరి దాకా నడవాలి. భయం వందకు ఎంత ఉందో ఆవిడ అడిగేది. తొంభై అనేదాన్ని. "సరే, తొంభైతోనే నడుద్దాం" అనేది. నువ్వు తాళం వేశావని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట అనకపోవడమే వైద్యం. ఇంట్లో అమ్మను కూడా కూర్చోబెట్టి, "వేశావులే తల్లీ, నేను చూశాను" అనడం మానేయమని చెప్పింది. అమ్మకు అది ఎంత కష్టమైందో! పిల్ల వణుకుతుంటే నోరు కట్టుకుని కూర్చోమనడం ఏ తల్లికైనా శిక్షే. కానీ అలా కూర్చున్న రోజుల్లోనే నా భయం ఎనభైకి, అరవైకి దానంతటదే దిగడం చూశాను. కొన్నిసార్లు దిగేది కాదు. దిగకపోయినా వంట చేసుకోవచ్చని, పిల్లలకు లెక్కలు చెప్పవచ్చని తెలిసింది. నా మెదడు నేర్చుకోవాల్సిన పాఠం అదే. దాన్ని నేనే, మెలకువగా, ఏ సాయమూ లేకుండా నేర్చుకోవాలి. దడ రాగానే గమ్మీ వచ్చి దించేస్తే, తర్వాతిసారి మెదడు గుర్తుంచుకునేది గమ్మీనే.

మరి నువ్వూ మాత్ర వేసుకుంటావు కదా అని అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నేను ఫ్లూవాక్సమిన్ వేసుకుంటాను. అది దడ పుట్టినప్పుడు వెతుక్కునేది కాదు. దడ ఉన్నా లేకపోయినా రోజూ అదే వేళకు వేసుకునేది. వేసుకున్న పూటే తెలిసే గుణమేమీ ఉండదు. మామూలు దిగులుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదులో, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగితే గానీ పనిచేసిందో లేదో తేలదు. ఏ భయానికీ అది తక్షణ జవాబు కాదు కాబట్టే మెదడు దాన్ని కొత్త గొళ్ళెంగా మార్చుకోలేదు.

అన్నయ్యకు అక్కడ ఇంకో భయం పుట్టింది. దాన్ని గురించి మనవాళ్ళు పైకి మాట్లాడుకోరు. రాష్ట్రం చట్టబద్ధం చేసినా, అతను మొదలుపెట్టేనాటికి ఫెడరల్ చట్టంలో గంజాయి హెరాయిన్‌తో పాటు మొదటి షెడ్యూల్లోనే ఉంది. వలస వ్యవహారాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వం. రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైన గంజాయి వాడకం కూడా పౌరసత్వం కోరేవాళ్ళ సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో అక్కడి వలస విభాగం స్పష్టంగానే చెప్పింది. గ్రీన్ కార్డు ఉన్న అన్నయ్య చేతిలో రాష్ట్రం ఇచ్చిన నమోదు ఉంది, ఎదురుగా పౌరసత్వం దరఖాస్తు ఉంది. అనుమానమే జబ్బయిన మనిషికి, ఒక్క మాట తప్పు రాస్తే ఏమవుతుందోనని నిజంగానే భయపడాల్సిన కాగితం చేతికిచ్చినట్టయింది. హెచ్-1బీ మీదా, గ్రీన్ కార్డు మీదా ఉన్న మన పిల్లలు ఎవరైనా ఈ దారి ఆలోచిస్తుంటే, డాక్టరుతో పాటు వలస న్యాయవాదినీ ముందే అడగాలి. దాచుకోవాల్సిన మందు ఓసీడీకి ఇంకో మేత.

ఇక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. మనకు గంజాయి అంటే విశాఖ ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు, చెక్‌పోస్టులో పట్టుకున్న లారీ. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూతనూ బంకనూ నిషేధించింది. పూత కలవని ఆకును ఆ నిర్వచనం నుంచి వదిలేసింది. ఆ సందులోంచే విజయ పేరుతో ఆకు సారపు నూనెలు ఆయుర్వేద మందులుగా అమ్ముతున్నారు. వాటిలో టీహెచ్‌సీ కూడా ఉంటుంది. నిద్రలేని తల్లిదండ్రులు పిల్లాడికి ఏదో ఒకటి దొరికితే చాలునని ఆ సీసా కొంటారు. వాళ్ళను నేను తప్పుపట్టను. జిల్లా కేంద్రంలో కూడా ఈఆర్‌పీ తెలిసిన థెరపిస్టు దొరకనప్పుడు, ఫోన్లో దొరికే నూనె వైపే చెయ్యి వెళుతుంది. నాకు కోపం ఆ లేమి మీద.

మొక్కను పూర్తిగా తోసిపుచ్చడం కూడా నాకు ఇష్టం లేదు. దాని పదార్థాలు పట్టుకునే గ్రాహకాలు, అలవాట్లను నడిపించే మెదడు భాగాల్లో దట్టంగా ఉన్నాయి. కాబట్టి శాస్త్రవేత్తల ఆసక్తి ఊరికే పుట్టింది కాదు. కేజర్ బృందమే 11 మందితో ఇంకో చిన్న పరీక్ష చేసింది. టీహెచ్‌సీని పోలిన నాబిలోన్ అనే మాత్రను కొందరికి ఒంటరిగా, కొందరికి ఈఆర్‌పీతో కలిపి నాలుగు వారాలు ఇచ్చారు. ఒంటరి మాత్ర పెద్దగా ఏమీ చేయలేదు. చికిత్సతో కలిసినప్పుడు లక్షణాలు బాగా తగ్గాయి. అన్నయ్య దీన్ని చదివి థెరపిస్టును వెతుక్కున్నాడు. ఇప్పుడు ఇద్దరూ వీడియోలో మాట్లాడుకుంటూ, కుదుపులున్న రోడ్డునే ఎంచుకుని, వెనక్కి తిప్పకుండా ఇంటికి చేరడం సాధన చేస్తున్నారు. గమ్మీ పూర్తిగా మానలేదు. అనుమానం వచ్చిన రోజున మాత్రం వేసుకోకూడదని వాళ్ళిద్దరూ పెట్టుకున్న నియమం.

సీసా ఫొటో పంపినవాళ్ళకు నేను ముందు మందుల సంగతి అడుగుతాను. డాక్టరు ఇచ్చిన మందు సరైన మోతాదుకు చేరిందా, చేరాక పన్నెండు వారాలు ఆగారా అని. తర్వాత ఈఆర్‌పీ ఎవరైనా చేయించారా అని. లేదంటే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉందని చెబుతాను. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు 14416 టెలిమానస్ నంబరు ఇస్తాను, తెలుగులో మాట్లాడతారు. నూనె మాట ఆ తర్వాత, అదీ డాక్టరుకు చెప్పాకే అంటాను. వాళ్ళలో కొందరు థెరపిస్టు దొరికాడని మళ్ళీ ఫోన్ చేశారు. దొరకలేదని చేసినవాళ్ళే ఎక్కువ.