సాదియా అసలు పేరు

అమీర్ హమ్జా దాస్తాన్ విన్న ఇళ్లల్లో అమర్ అయ్యార్ తెలియని పిల్లలు ఉండరు. హమ్జా గొప్ప బహదూరే, కాదనను. కానీ కథలో మజా అంతా ఈ అయ్యార్‌దే. వేషం మార్చి దుష్మన్ డేరాలోకి దూరతాడు, షర్బత్‌లో బేహోషీ మందు కలుపుతాడు, పెద్ద పెద్ద జాదూగర్లని మూటగట్టి మోసుకొస్తాడు. ఎందులో? జంబీల్‌లో. భుజానికి వేలాడే చిన్న సంచి అది. అందులో మనిషిని వేసినా పడతాడు, ఖజానా వేసినా పడుతుంది. లోపల పట్నాలకు పట్నాలే ఉన్నాయని దాదీ చెప్పేది. "మరి బరువుండదా దాదీ?" అంటే "దాస్తాన్‌లోకి తరాజూ తేకు బేటా" అనేది.

స్కైరిమ్ అనే ఆటలో తరాజూ ఉంది. మొదట్లో సంచిలో 300 బరువు వరకే పడుతుంది. దాటితే మన మనిషి పరిగెత్తలేడు, నీళ్ల బిందెలు మోసేవాడి లెక్క మెల్లగా నడుస్తాడు. దారిలో నిలబడి ఏ కత్తి పారేద్దాం, ఏ కిరీటం ఉంచుకుందాం అని చూసుకోవాలి. 2011 నవంబర్ 11న వచ్చిన ఆట. నేను ఆడింది చాలా ఏళ్ల తర్వాత. ఆ సంచి తెరిచి చూడగానే, అరె, ఇది జంబీలే కదా అనిపించింది.

జంబీల్ ఒక్కటే కాదు. తిలిస్మ్ అంటే జాదూగర్ కట్టిన మాయాలోకం. దాన్ని బద్దలుకొట్టే మనిషి చేతికి ఒక లౌహ్, అంటే పలక, దొరుకుతుంది. ఇప్పుడు ఏం చేయాలి, ఎటు పోవాలి అని ఆ పలక చెబుతుంది. ఈ ఆటల్లో ఒక మీట నొక్కితే తెరుచుకునే పనుల జాబితా అదే. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ వాళ్లు ఈ దాస్తాన్‌ని 46 సంపుటాలుగా అచ్చేశారు. అందులో తిలిస్మ్-ఎ-హోష్‌రుబా వాటా పెద్దది, బాద్‌షా అఫ్రాసియాబ్‌ని చంపడానికే వేల పేజీలు పడుతుంది. ఆటల్లో చివరి దుష్మన్‌ని చేరడానికి వంద గంటలు పడుతుందంటే మనవాళ్లు నోరు తెరుస్తారు గానీ, మన తాతలు అంతకన్నా ఓపికగా కూర్చున్నారు. ఢిల్లీలో చివరి దాస్తాన్‌గో అని పేరుపడ్డ మీర్ బాఖర్ అలీ 1928లో పోయాడు. 2005లో షమ్సుర్ రహమాన్ ఫారూఖీ, మహమూద్ ఫారూఖీ కలిసి దాస్తాన్‌గోయీని మళ్లీ లేపేదాకా అది కితాబుల్లోనే ఉండిపోయింది. తెలుగులో చదువుకున్న మాకు ఇంకో నసీబ్ కూడా ఉంది. దాదీ నోటి నుంచి హమ్జా, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు. రెండు దస్తర్‌ఖాన్‌ల మీదా తిన్నవాళ్లం.

ఇప్పుడు మా జమాత్ సంగతి. నలుగురం. నేను, డల్లాస్‌లో ఉండే ఒంగోలు అన్న, వైజాగ్ తమ్ముడు, ఇండోనేషియాలో సురబాయా భాయి. ఒకరినొకరు ఎదురుగా చూసింది లేదు. ఇతవారం రాత్రి ఇషా అయ్యాక మొదలుపెడతాం. అప్పటికి డల్లాస్‌లో పొద్దున, సురబాయాలో మాకన్నా గంటన్నర ముందు, అంటే ఆయన ఆవులింతలు మాకు చెవుల్లో వినిపిస్తుంటాయి. భాష కలగాపులగం. నాకూ సురబాయా భాయికీ మధ్య విరిగిన ఇంగ్లీషు, దానికి ముందు ఒక సలాం. రంజాన్‌లో ఆట బంద్, కబుర్లు మాత్రం నడుస్తాయి. ఇఫ్తార్‌ని వాళ్లు బుకా పువాసా అంటారని నేర్చుకున్నది ఆ కబుర్లలోనే.

మేం కలిసి ఆడేది బాల్డర్స్ గేట్ 3. 2023 ఆగస్టులో బెల్జియం కంపెనీ లారియన్ తెచ్చింది. నలుగురి వరకే కూర్చోవచ్చు. లడాయి వస్తే ఒకరి తర్వాత ఒకరికి వంతు వస్తుంది, తొందర లేదు. ఎవరినైనా మాటలతో ఒప్పించాలంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి. ఎంత తియ్యగా మాట్లాడే మనిషిని తయారుచేసుకున్నా 1 పడితే నోరు మూసుకోవాల్సిందే. ఈ వంతుల పద్ధతి మాకు బాగా కలిసొచ్చింది. అజాన్ అయితే లేచి నమాజ్ చదివి రావచ్చు, ఆట మన కోసం ఆగి ఉంటుంది. ఎల్డెన్ రింగ్ అలా ఆగదు. మనం సజ్దాలో ఉంటే అక్కడ మన మనిషిని భూతాలు నమిలేస్తాయి. ఆట కొనేముందు మన ఇళ్లల్లో చూడాల్సిన సంగతుల్లో ఇదొకటని నేను గట్టిగా చెబుతాను, నవ్వినా సరే.

మా దూల్హాభాయి, అంటే మా ఆపా షౌహర్, కోర్టులో వకీల్ గుమాస్తా. కూతురు బీటెక్ రెండో ఏడు. నా భాంజీకి ఈ ఆటల పిచ్చి నా నుంచే అంటుకుందని ఆపా ఉద్దేశం. ఒకరోజు దావత్‌లో దూల్హాభాయి నన్ను పక్కకి పిలిచాడు.

"మియా, జాదూ, జిన్‌లు, దేవుళ్లూ దెయ్యాలూ... ఇవన్నీ ఇంట్లో ఎందుకు? జాయెజేనా ఇది?"

ఆయన సవాల్‌ని కొట్టిపారేయకూడదు. బాల్డర్స్ గేట్‌లో క్లెరిక్ అనే వేషం తీసుకుంటే ఏ దేవుణ్ణి కొలుస్తావో ఎంచుకోమంటుంది. సురబాయా భాయి ఆ వేషం జోలికే పోడు. కథ వేరు, నా వేలితో నేను ఎంచుకోవడం వేరు అంటాడు. కత్తి పట్టుకునే ఫైటర్‌గానే ఉంటాడు. నేనూ అంతే. కాబట్టి మా జమాత్‌లో దవాఖానా డ్యూటీ ఎప్పుడూ డల్లాస్ అన్నదే. "మీ ఈమాన్ సంగతేమో గానీ నాకు మాత్రం కట్లు కట్టడంతోనే సరిపోతోంది" అని తిట్టుకుంటూ కాపాడతాడు. ఈ హద్దు అందరికీ ఒకే చోట ఉండాలని నేననను. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని మాట్లాడుకుని గీసుకోవాలి.

దూల్హాభాయికి నేను చెప్పిన భయాలు వేరే. ఒకటి, ఈ రెండు ఆటల మీదా యూరప్‌లో 18 అని ముద్ర ఉంటుంది. అందులో ఖూన్, బేషర్మీ రెండూ ఉన్నాయి. చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. రెండు, కొన్ని ఆటల్లో పైసలు కట్టి మూసిన పెట్టె కొనిపిస్తారు, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. అది జువా కాక మరేంటి? బెల్జియంలో 2018లోనే జూదం చట్టం కిందకి తెచ్చారు. జిన్‌ల బొమ్మలున్నాయని ఆట ఆపేసి, ఈ పెట్టెల ఆటని ఫోన్‌లో వదిలేసిన అబ్బాజాన్‌లని నేను చూశాను. స్కైరిమ్‌లోనూ బాల్డర్స్ గేట్‌లోనూ ఆ పెట్టెలు లేవు.

మూడోది మా భాంజీ చెప్పింది. అది వచ్చింది సాదియా వల్ల.

స్కైరిమ్‌లో వైట్‌రన్ అనే ఊరుంది. ఒకరోజు ఆ ఊరి దర్వాజా దగ్గర తలపాగాలు కట్టి, వంకర కత్తులు పెట్టుకున్న ఇద్దరు కనిపిస్తారు. పహరావాడు వాళ్లని లోపలికి రానివ్వడు. హామర్‌ఫెల్ అనే ఎడారి దేశం వాళ్లు, ఆలికిర్ సిపాయిలు. ఒక ఆడమనిషిని వెతుకుతున్నామంటారు, జాడ చెబితే ఇనాం ఇస్తామంటారు. ఊళ్లోని సరాయిలో వంటా వడ్డనా చేస్తూ సాదియా అని ఒకామె ఉంటుంది. ఆమెతో ఈ మాట అంటే పక్కకి తీసుకెళ్లి ముందు కత్తి దూస్తుంది, తర్వాత బతిమాలుతుంది. తన అసలు పేరు ఇమాన్ అనీ, పెద్ద ఖాందాన్ మనిషిననీ, తమ దేశం మీదికొచ్చిన డొమినియన్‌కి వ్యతిరేకంగా నోరు విప్పినందుకు తనని చంపడానికి వచ్చారనీ చెబుతుంది. ఆ సిపాయిల సర్దార్ కెమాటు ఒక గుహలో ఉంటాడు. అక్కడిదాకా పోతే అతను ఇంకో కథ చెబుతాడు: ఆమె గద్దార్, తానెత్ అనే పట్నాన్ని డొమినియన్‌కి అమ్మేసింది, ఇంటికి తీసుకెళ్లి ఇన్సాఫ్ చేయిస్తాం. ఊరి బయట గుర్రాలశాల దగ్గరికి ఆమెని మాయమాటలతో తీసుకురా అంటాడు.

ఎవరు నిజం? ఆట చెప్పదు. ఇద్దరిలో ఎవరివైపు నిలబడ్డా పని పూర్తయిందనే అంటుంది. ఇన్నేళ్లయినా ఆడినవాళ్లు కొట్టుకుంటూనే ఉన్నారు. మా నలుగురిలోనూ అదే. స్కైరిమ్ ఒక్కరే ఆడే ఆట, కాబట్టి ఎవరి ఇంట్లో వాళ్లు ఆడి వచ్చి ఇతవారం పంచాయితీ పెట్టాం. డల్లాస్ అన్న కెమాటు వైపు. హామర్‌ఫెల్ జనం డొమినియన్‌తో ఏళ్లకేళ్లు కొట్లాడి తరిమేశారు, అలాంటప్పుడు డొమినియన్‌ని తిట్టిన ఆడమనిషిని ఆ దేశం సిపాయిలే ఎందుకు తరుముతారు అని ఆయన లాజిక్. గట్టిదే. సురబాయా భాయి సాదియా వైపు. వైజాగ్ తమ్ముడు మాత్రం ఆలోచించకుండా, "ఆ తలపాగాలు, కత్తులు చూస్తేనే తెలిసిపోవట్లేదా భయ్యా, టెర్రరిస్టు బ్యాచ్" అని నవ్వాడు. పిల్లాడు మంచివాడే. ఏ సినిమాలు చూసి పెరిగాడో ఆ మాట మాట్లాడాడు. నేను ఏదో అనేలోపు, నా పక్కన కూర్చుని వింటున్న భాంజీ మైకు తన వైపు తిప్పుకుంది.

"అన్నా, ఆమె కూడా ఆ దేశమే కదా. ఆమెకి పేరు మార్చుకుంటే చాలు, ఊళ్లో చోటు దొరికింది. వాళ్లు బట్టలు మార్చుకోలేదు, గేటు దగ్గరే ఆపేశారు. నాకు మాత్రం ఆమె ఎందుకు పేరు మార్చుకుందో అర్థమైంది. నేనూ మార్చుకున్నా."

తర్వాత చెప్పింది. కాలేజీ పిల్లలు ఆడే ఒక తుపాకుల ఆటలో మొదట తన సొంత పేరుతోనే చేరిందట. పేరు చూసి, గొంతు విని, ముక్కూ ముఖం తెలియని మగపిల్లలు పాకిస్తాన్ పొమ్మన్నారు. ఇంకా అన్న మాటలు ఇక్కడ రాయను. మూడో రోజుకి పేరు తీసేసి నాలుగు అంకెలూ రెండు అక్షరాలూ పెట్టుకుంది. మైకు ఆఫ్. ఏడాదిగా ఎవరితోనూ మాట్లాడకుండా ఆడుతోంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మీ ఆటే మాన్పిస్తుంది, తప్పు వాళ్లదైతే నా ఆట ఎందుకు పోవాలి అంది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వైజాగ్ తమ్ముడు "సారీ అక్కా" అన్నాడు. తన కన్నా ఆమె చిన్నదని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాడు. ఆ ఆటలో అలాంటివాళ్ల మీద ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో, ఒక్కొక్కరి గొంతు ఎలా నొక్కేయాలో ఆ రాత్రే ఆమెకి ఒక్కో మెట్టూ చూపించాడు. అది పెద్ద ఇలాజ్ కాదు. గొంతు మనకి వినబడదు, అంతే. వాళ్ల నోరు అలాగే ఉంటుంది.

దూల్హాభాయికి ఈ సంగతి భాంజీయే చెప్పింది, కానీ సీదాగా కాదు. ముందు సాదియా కిస్సా మొత్తం వినిపించింది. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, నల్లీ పక్కన పెట్టేసి, ఆయన కోర్టు చెవులతో విన్నాడు. పొద్దుపోయేదాకా సవాళ్లే. గవాహ్ ఎవరు? కాగితం ఏదైనా ఉందా? తానెత్ నుంచి ఖాజీ మొహర్ ఏమైనా తెచ్చాడా ఆ కెమాటు? ఏమీ లేదంది భాంజీ.

"అయితే ఇంకేంటి? దావా వేసినవాడే గవాహీ తేవాలి. లేకపోతే ఎదుటివాళ్లు ఖసమ్ చేస్తే సరిపోతుంది. పనాహ్ అడిగిన ఆడమనిషిని మోసం చేసి శాల దగ్గరికి తీసుకెళ్లమన్నవాడు ఇన్సాఫ్ పేరెత్తడమేంటి?"

"కానీ అబ్బా, ఆమె పేరు దాచింది కదా. అబద్ధమే కదా?"

"ప్రాణభయం ఉన్నవాళ్లు పేరు దాచుకుంటారు. అది జుర్మ్ కాదు."

"అయితే నేను దాచుకున్నది కూడా కాదు కదా" అని, అప్పుడు అసలు సంగతి చెప్పింది.

ఆయన ఏమన్నాడో నాకు పూర్తిగా తెలియదు, ఆపా కూడా చెప్పలేదు. నాకు ఫోన్ చేసి మాత్రం, "మీ వాళ్లు నలుగురూ ఎలాంటివాళ్లు మియా?" అని అడిగాడు. ఒక్కొక్కరి గురించీ చెప్పాను. షర్తులు పెట్టాడు: గది తలుపు తెరిచే ఉండాలి, పదకొండుకి బంద్, పరీక్షలప్పుడు అసలే వద్దు. మైకు గురించి ఏమీ అనలేదు.

స్కైరిమ్‌లో భాంజీ ఆ పని ఇంకా పూర్తిచేయలేదు. జాబితాలో అలాగే ఉంది. కెమాటు గుహలో, సాదియా సరాయిలో. మా బాల్డర్స్ గేట్‌లో నాలుగు కుర్చీలే, డల్లాస్ అన్నకి ఆఫీసు పని పడ్డ వారం ఆయన కుర్చీలో ఆమె కూర్చుంటుంది. దేవుణ్ణి ఎంచుకోవాల్సి వస్తుందని క్లెరిక్ కాకుండా పాటగాడి వేషం తీసుకుంది. పేరు సొంతదే పెట్టుకుంది. గాయాలకి ఇప్పుడు మేం మందుసీసాల మీదే బతుకుతున్నాం.

మొన్న ఎమరాల్డ్ గ్రోవ్ చేరాం. తోకలూ కొమ్ములూ ఉన్న టీఫ్లింగ్ జనం, ఊరు పోగొట్టుకుని పిల్లాపాపలతో వచ్చి అక్కడ తలదాచుకున్నారు. వీళ్లని బయటికి పంపి దర్వాజాలు మూసేయాలని అక్కడివాళ్లు మంత్రం మొదలుపెట్టారు. ఏం చేద్దామని పంచాయితీ మొదలవగానే వైజాగ్ తమ్ముడు పాచిక పక్కన పెట్టి, "మీ అబ్బాజాన్‌ని అడిగి చెప్పు ముందు" అన్నాడు. పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. లోపలి గది నుంచి దూల్హాభాయి గొంతు వినిపించింది, "ఎవరు పంపమంటున్నది? జమీన్ ఎవరిదట?"