మొదటి విమానం పడిపోయేదై ఉండాలి



సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. ‘రిమోట్ విమానం కొనివ్వు’ అని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడుగుతూ ఉండవచ్చు. మా ఇంట్లో ఆ పాట రెండేళ్ల కిందటే మొదలైంది. మాది పాములపాడు. నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొదటి విమానం కొనడంలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. ఆ తప్పులో సగం విమానానిది, సగం నా నోటిది.

ఆరో తరగతిలో ఉండగా, ఫిబ్రవరిలో, పుట్టినరోజుకు అడిగింది. ఇద్దరం కలిసి ఫోన్‌లో చూశాం. బూడిద రంగు యుద్ధ విమానం, సన్నటి ముక్కు, పొట్టి రెక్కలు. దాని పక్కనే పొడవు రెక్కల పసుపు విమానం ఒకటి ఉంది. అది చిన్నపిల్లల బొమ్మలా ఉందని ఇద్దరం పక్కన పెట్టేశాం. 8 వేల రూపాయలు పెట్టి యుద్ధ విమానమే తెప్పించాను. శనగ కోసేసిన చేనులోకి సాయంత్రం నాలుగింటికి వెళ్లాం. గాలి బాగానే వీస్తోంది. వీధిలో పిల్లలు, పెద్దలు కూడా వెంట వచ్చారు. రిమోట్ పాప చేతిలో ఉంది, విమానాన్ని నేను విసిరాను. అది పైకి లేచింది, ఎడమకు ఒరిగింది, ముక్కుతో నల్లరేగడిలో దిగబడింది. లెక్కపెడితే నాలుగు సెకన్లు.

‘ఎనిమిది వేలు మట్టిలో కలిపేశావు కదే!’ అన్నాను, అందరి ముందూ.

పాప ఏమీ మాట్లాడలేదు. ముక్కలు ఏరి డబ్బాలో పెట్టింది. ఆ డబ్బా అటక ఎక్కింది. ఎనిమిది నెలల పాటు విమానం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ అక్టోబర్‌లో షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒక మోటారుకు టర్న్స్ లెక్క తప్పి, కాయిల్ కాల్చేశాడు. ‘పోనీలేరా, విప్పి మళ్లీ చుట్టు’ అన్నాను. అరుగు మీద కూర్చున్న మా అమ్మ తల తిప్పి చూసింది. ‘వానికి పోనీలే అంటివి. బిడ్డకు ఆ మాట అనకపోతివే’ అంది.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. పని నేర్చుకునే పిల్లవాడికి రైతు తెచ్చిన సబ్‌మెర్సిబుల్ మోటారు ఎవరమూ మొదటి రోజే ఇవ్వం. పాత ఫ్యాన్ మోటారు ఇస్తాం. అది కాలుతుందని మనకు ముందే తెలుసు, కాలితేనే వాడికి పని వస్తుంది. నా కూతురికి మాత్రం, నేర్చినవాళ్లు కూడా జాగ్రత్తగా నడపాల్సిన విమానం చేతికిచ్చి, నాలుగు సెకన్లలో ఫలితం అడిగాను.

రాత్రి అన్నం తినేటప్పుడు, ‘మళ్లీ ఎగరేద్దామా?’ అన్నాను.

‘పడిపోతే మళ్లీ అందరి ముందూ అంటావు కదా నాన్నా.’

‘అనను’ అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

ఈసారి కొనేముందు తెలుసుకోవాలనుకున్నాం. తెలుసుకున్నవన్నీ మీకూ చెబుతున్నాను.

మొదట, విమానం ఎందుకు పడింది? పొట్టి రెక్కల విమానానికి గాల్లో నిలబడాలంటే వేగం కావాలి. వేగం తగ్గితే పడుతుంది, వేగంగా పోతే ఆలోచించే సమయం ఇవ్వదు. నేర్చుకునేవాళ్లకు కావలసింది నెమ్మదిగా ఎగిరేది. రెక్కలు ఒంటికి పైభాగంలో ఉండాలి. అప్పుడు బరువు రెక్కల కింద వేలాడినట్టు ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఆ రెక్కలు చివర్ల వైపు కాస్త పైకి లేచి, బాగా విప్పిన వీ ఆకారంలో కనిపించాలి. విమానం ఒక పక్కకు ఒరిగి జారినప్పుడు కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగులుతుంది. అది ఎక్కువగా పైకి లేస్తుంది, విమానం తనంతట తానే సర్దుకుంటుంది. భయంతో పిల్లలు స్టిక్ వదిలేసినా కాపాడేది ఈ ఒంపే. మేం నవ్వి పక్కన పెట్టిన పసుపు విమానానికి ఇవన్నీ ఉన్నాయి.

రెండోది, దేనితో చేశారో చూడండి. మొదటి విమానానికి ఫోమ్ మంచిది. అందులో ఈపీపీ రకం వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఈపీఓ కొంచెం గట్టిది, విరిగినా అతుక్కుంటుంది. మామూలు ప్యాకింగ్ థర్మోకోల్ అయితే పెళుసు. ఇంకో మాట: థర్మోకోల్ మీద ఫెవిక్విక్ వేస్తే అది కరిగిపోతుంది. ఈ సంగతి మేం ఒక రెక్కను పోగొట్టుకుని తెలుసుకున్నాం. ప్రొపెల్లర్ ముక్కు దగ్గర కాకుండా రెక్కల వెనుక ఉన్న మోడల్ దొరికితే ఇంకా నయం. ముక్కు నేలకు తగిలినా ప్రొపెల్లర్ విరగదు. మల్టీప్లెక్స్ కంపెనీ ‘ఈజీస్టార్’ లాంటివి ఈ పద్ధతిలోనే వచ్చాయి.

మూడోది, కంట్రోళ్లు. మోటారు వేగం, ఎడమ కుడి తిప్పే రడ్డర్, పైకీ కిందికీ నడిపే ఎలివేటర్ — ఈ మూడు చానెళ్లు మొదటి ఏడాదికి చాలు. ఇప్పుడు చాలా మోడళ్లలో విమానాన్ని నిలకడగా ఉంచే గైరో కూడా వస్తోంది. ఉంటే మంచిదే.

నాలుగోది, డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి. ‘రెడీ టు ఫ్లై’ అంటే రిమోట్, బ్యాటరీ, చార్జర్ సాధారణంగా అందులోనే ఉంటాయి. ‘బైండ్ అండ్ ఫ్లై’ అంటే రిమోట్ రాదు, విడిగా కొనాలి. ధర తక్కువగా ఉందని ఇది తీసుకుంటే తర్వాత రిమోట్ ఖర్చు మీద పడుతుంది. విడి ప్రొపెల్లర్లు, రెక్కలు దొరకని మోడల్ ఎంత బాగున్నా వద్దు.

మాకు ఫోన్‌లో ఓపిగ్గా చెప్పిన దుకాణదారు మొదట అడిగిన ప్రశ్న ‘బడ్జెట్ ఎంత?’ కాదు. ‘ఎగరేసే చోటు ఎంత ఉంది?’ అని. అర చేతంత విమానాలు గాలి లేని పొద్దుట పూట, చిన్న మైదానంలో పనికొస్తాయి. రెక్కల చివర నుంచి చివరకు మీటరు దాకా ఉన్నది కొద్దిపాటి గాలికి తట్టుకుంటుంది కానీ, దానికి చేను కావాలి. మా ఊళ్లో చేలకు కొదవ లేదు కాబట్టి మేం మీటరు రెక్కలదే తీసుకున్నాం.

అయితే కొనేముందు నెల రోజులు మా పాప ఫోమ్ షీట్ కోసి, చేత్తో విసిరే గ్లైడర్లు చేసింది. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య రెండు వేళ్ల మీద నిలబెడితే అది సమంగా నిలవాలి. వెనక్కి వాలితే ముక్కుకు కాస్త మట్టి ముద్ద అంటించాలి. పెద్ద విమానానికీ ఇదే లెక్క. ముప్ఫై రూపాయల షీటుతో ఇది నేర్చుకుంది.

ఆ రోజుల్లోనే నాకు ఒక కథ చదివి వినిపించింది. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే తండ్రి తన ఇద్దరు కొడుకులకు ఎగిరే బొమ్మ తెచ్చాడు. ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫోన్స్ పెనో తయారుచేసిన నమూనా అది. వెదురు, బెండు, కాగితం, తిప్పడానికి రబ్బరు బ్యాండు. పిల్లలు దాన్ని విరిగేదాకా ఎగరేశారు. విరిగాక తామే ఇంకోటి చేసుకున్నారు. ఆ పిల్లలు విల్బర్, ఆర్విల్ రైట్. 1903లో ఏం చేశారో మనకు తెలుసు. విరిగిన రోజున ఆ తండ్రి ఏమన్నాడో పాప చదివినదాంట్లో లేదు. నాకు మాత్రం అదే తెలుసుకోవాలనిపించింది.

ఇక చోటు, జాగ్రత్తలు. మా మండలంలోనే బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ ఉంది. చుట్టూ కాలువలే. విమానం వెనుక పరిగెత్తే పిల్లల చూపు ఆకాశం మీద ఉంటుంది, కాళ్ల కింద ఉండదు. అందుకే కాలువ గట్టు దరిదాపుల్లో ఎగరేయం. నీళ్లలో పడితే అది పోయినట్టే, ఎవరూ దిగకూడదు. ఇది మా మొదటి నియమం. కరెంటు తీగలున్న చోట, పశువులు మేసే చోట, జనం మీదుగా ఎగరేయకూడదు. తీగల మీద చిక్కుకుంటే కర్రతో తీయబోకండి, లైన్‌మన్‌ను పిలవండి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు వాటికి, వ్యాపారం కోసం కాకపోతే 2 కిలోల లోపు వాటికి కూడా, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాటకూడదు. మన వైపు ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది, రక్షణ శాఖ పరీక్షలు జరిపే ప్రాంతమూ ఉంది. కాబట్టి మీ ఊరు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూడండి, మోడల్‌కు రిజిస్ట్రేషన్ కావాలేమో కూడా.

బ్యాటరీ విషయంలో నా వృత్తి అనుభవం కొంత పనికొచ్చింది. ఆ చిన్న బ్రష్‌లెస్ మోటారుకు మూడు తీగలు చూసి, ఇది మన త్రీఫేజ్ మోటారుకు తమ్ముడే అనుకున్నాను. కానీ లిపో బ్యాటరీ మనకు తెలిసిన బ్యాటరీల లాంటిది కాదు. దాని చార్జర్‌తోనే, మనిషి దగ్గరుండగానే చార్జ్ చేయాలి. రాత్రి పెట్టి పడుకోకూడదు. ఉబ్బినా, దెబ్బ తగిలి నొక్కుకుపోయినా మళ్లీ వాడకూడదు. మంటలు లేస్తాయి.

చివరికి ఆ డిసెంబర్‌లో, వరి కోసిన మడిలో, పొద్దున ఆరున్నరకు మళ్లీ నిలబడ్డాం. గాలి లేదు. ఈసారి జనమూ లేరు. పసుపు విమానం. మొదటిసారి పది సెకన్లు ఉండి పడింది. పాప విమానం వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను జేబులోంచి షాపు నోట్‌బుక్ తీసి, ‘ఒకటి, పది సెకన్లు’ అని రాశాను. రెండోది పదిహేడు. మూడోది రెక్క ఊడింది, టేపు వేశాం. ఆ పొద్దున ఏడుసార్లు పడింది. మూడోసారి తర్వాత నా వైపు చూడటం మానేసింది.

అన్నిటికన్నా ఆమెను ఇబ్బంది పెట్టింది, విమానం మన వైపు వస్తున్నప్పుడు ఎడమ కుడి తారుమారు కావడం. దానికి చిట్కా ఉంది. ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి ఒరిగితే స్టిక్‌ను ఆ వైపుకే నెట్టాలి, ఆ రెక్క కింద చేయి పెట్టి లేపినట్టు. ఇంకొకటి, ఎత్తులో తిప్పాలి. తప్పు చేసినా సరిదిద్దుకోవడానికి కింద చోటు ఉంటుంది. రెండో ఆదివారానికి మడి చుట్టూ పూర్తిగా ఒక రౌండు కొట్టించి, మాకు ఇరవై అడుగుల దూరంలో దించింది. నోట్‌బుక్‌లో రాయడం మర్చిపోయాను.

‘నువ్వూ ఒకసారి చూడు నాన్నా’ అని రిమోట్ నాకిచ్చింది. ఎగిరింది, తిరిగింది, నా వైపే వచ్చింది. ఎడమ అనుకుని కుడికి నొక్కాను. గట్టు మీద ముక్కు రెండు ముక్కలైంది. పాప నోట్‌బుక్ నా చేతిలోంచి తీసుకుని, ‘నాన్న, తొమ్మిది సెకన్లు’ అని రాసి, జిగురు డబ్బా తెరిచింది.

కాబట్టి ఈ సెలవుల్లో కొనేవాళ్లు ధరతో పాటు రెండు విడి ప్రొపెల్లర్లు, ఒక జిగురు డబ్బా ఖర్చు కూడా ముందే కలుపుకోండి. ‘పోనీలే’ అనే మాట కూడా పడకముందే సిద్ధం చేసుకోండి. పడ్డాక అది నోటికి అంత తొందరగా రాదు, నాకు తెలుసు.