నిగాహ్‌కీ నిఘాకీ నడుమ

ప్రయాణికుణ్ణి మేం ముసాఫిర్ అంటాం. మా దీన్‌లో ముసాఫిర్‌కి ఒక హోదా ఉంది. నాలుగు రకాతుల నమాజును అతను రెండు రకాతులుగా చదువుకోవచ్చు. రంజాన్ రోజాలు ఆపి, ఇల్లు చేరాక ఆ బాకీ తీర్చుకోవచ్చు. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ చెప్పిన ఎనిమిది తరగతుల్లో దారిలో చిక్కుకున్న బాటసారీ ఉన్నాడు. ఇంటి దగ్గర ఎంత ఉన్నవాడైనా దారిలో పేదవాడే. ఇల్లు విడిచినవాడు బలహీనుడు, అతని భారం చుట్టూ ఉన్నవాళ్ల మీద ఉంటుంది అన్నది ఇందులోని అర్థం.

ఈ దేశంలో ఒంటరిగా రైలెక్కిన ముస్లింకి ఆ హోదా ఎక్కడుంది? బెర్తు దొరికిందా లేదా అని చూసుకునేకంటే ముందు పక్కన ఎవరున్నారో చూసుకుంటాం. ఇంటినుంచి ఫోనొస్తే సలామ్ చెప్పాలా, హలో అనాలా అని ఒక్క క్షణం ఆగుతాం. టిఫిన్ డబ్బా మూత తీస్తే లోపల ఉన్నది పప్పేనని నలుగురికీ కనబడేలా తీస్తాం. ఇవి భయాలని కూడా ఇప్పుడు అనుకోవడంలేదు. చెప్పులేసుకున్నంత మామూలు అలవాట్లయిపోయాయి. అందుకే, ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్ల రక్షణ కోసం ఒక యాప్ తయారుచేస్తున్నామని మా చెల్లెలి కూతురు వచ్చి చెప్పినప్పుడు అది మాకు ఉత్త ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టుగా అనిపించలేదు.

మేం ఆర్ట్స్ చదివినవాళ్లం. (ఒక్కళ్లం మాట్లాడినా 'హమ్' అనడం ఉర్దూలో ఉంది. తెలుగు రాసినా మాకు 'మేం' అనే వస్తుంది.) ఉర్దూ వార్తను తెలుగులోకీ తెలుగు వార్తను ఉర్దూలోకీ మార్చుకుంటూ ఇన్నేళ్లు బతికాం. ఉర్దూ పేపర్లో మేం తెలుగువాళ్లం, తెలుగు పేపర్లో సాయిబులం. పిల్ల మా దగ్గరకొచ్చింది మాటల కోసమే. "కోడ్ మేం రాసుకుంటాం మామూ, తెర మీద కనబడే మాటలు రెండు భాషల్లో మీరు రాసివ్వండి" అన్నది.

యాప్ పద్ధతి సులువైనదే. బయల్దేరేముందు ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్నింటికి చేరాలి అన్నది చెప్పాలి. చేరాక 'చేరాను' అని నొక్కాలి. గడువు దాటినా నొక్కకపోతే, ముందే ఎంచుకున్న ముగ్గురికి ఒక సందేశం పోతుంది. ఫోను ఆఖరిసారి ఎక్కడుందో అందులో ఉంటుంది. మధ్యలో ఆపదొస్తే ఒక బటన్. నెట్ అందనిచోట మామూలు ఎస్సెమ్మెస్. ఫోన్లో చార్జింగ్ తగ్గుతుంటే, ఆరిపోకముందే ఆఖరి కబురు.

ఇదంతా విని మా అమ్మీ, "ఇది ఇమామ్ జామిన్ కదా" అన్నది.

తెలియని పాఠకులకు చెప్పాలి. మా హైదరాబాద్ ఇళ్లలో దూరం వెళ్లేవాళ్ల కుడి జబ్బకి ఒక నాణెం గుడ్డలో చుట్టి కడతారు. దాన్నే ఇమామ్ జామిన్ అంటారు. ఎనిమిదో ఇమామ్ అలీ రజా ప్రయాణికులకి జామిన్, అంటే పూచీ అని నమ్మకం. షియాల ఇళ్లలోనే కాదు, సున్నీల ఇళ్లలోనూ కడతారు. ఒప్పుకోని మౌల్వీలూ ఉన్నారు, ఆ వాదన ఇక్కడ అక్కర్లేదు. మాకు కావలసింది దాని ముగింపు. క్షేమంగా చేరాక ఆ నాణెం విప్పి ఎవరికైనా ఖైరాత్ చేసేయాలి. దాచుకోకూడదు. పని అయిపోయింది, పూచీ తీరిపోయింది.

మా చెల్లెలి కూతురు ఆ మాట పట్టుకుంది. గమ్యం చేరి 'చేరాను' అని నొక్కగానే ఆ ప్రయాణం వివరాలన్నీ చెరిగిపోవాలని రాసుకుంది. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ ఆగారు, ఎవరింటికి వెళ్లారు, ఏదీ మిగలకూడదు. దాని స్నేహితురాళ్లు ఒప్పుకున్నారు. గైడుగారు మాత్రం, సమాచారం దాచుకుంటే కదా రేపు పనికొచ్చేది అన్నారట.

మాటలు రాయడానికి కూర్చున్నాక మాకు తెలిసింది, చిక్కంతా ఇక్కడే ఉందని. 'చేరాను' అనడానికి రెండు భాషల్లోనూ బంగారంలాంటి మాటలున్నాయి. ఉర్దూలో ఖైరియత్, తెలుగులో క్షేమం. రెండు భాషల ఉత్తరాలూ ఆ మాటలతోనే మొదలయ్యేవి. కానీ దారి పొడవునా ఒకరు మనల్ని కనిపెట్టుకుని ఉండడాన్ని ఏమనాలి? పిల్లలు 'ట్రాకింగ్' అంటున్నారు. తెలుగులో చెప్పమంటే పేపరువాళ్లకి ముందు తట్టేది నిఘా. ఈ నిఘా మా ఉర్దూ నిగాహ్ నుంచి వచ్చినదే. ఉర్దూలో నిగాహ్ అంటే చూపు. తల్లి చూపూ నిగాహే, ప్రియురాలి చూపూ నిగాహే. దాన్నుంచే నిగెహ్‌బానీ వచ్చింది, అంటే కంటికి రెప్పలా కాచుకోవడం. అదే మాట తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి పోలీసులది అయిపోయింది. 'పాతబస్తీపై గట్టి నిఘా' అన్న హెడ్డింగ్ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

జామిన్ గతీ అంతే. ఇంట్లో ఇమామ్ జామిన్, కోర్టులో జామీను. ఒకటి బయల్దేరినవాడు క్షేమంగా తిరిగిరావాలని, రెండోది పట్టుకుపోయినవాడు తిరిగొస్తే చాలని. మా ఇళ్లలో దీవెనలైన మాటలు పోలీసు స్టేషన్లో మా మీదే కేసుల్లో మాటలయ్యాయి. యాప్ సంగతీ ఇంతే. అది నిగెహ్‌బానీ చేస్తుందా, నిఘా పెడుతుందా? తేడా మిషన్లో లేదు. చూసే కన్ను ఎవరిది, ఆ కన్నును ఎంచుకున్నది ఎవరు అన్నదాంట్లో ఉంది.

బటన్ నొక్కితే మొదటి ఫోన్ ఎవరికి పోవాలన్న దగ్గర మా దస్తర్‌ఖాన్ మీదే తగవు వచ్చింది. పిల్ల 112 అన్నది. దాని తమ్ముడు, "నా ఫోన్లో మొదటి నంబరు పోలీసులది వద్దు" అన్నాడు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. ఆమెకు రాత్రి రోడ్డు మీద పోలీసు బండి కనబడితే కాస్త ధైర్యం, అతనికి అదే బండి కనబడితే గుండె దడ. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పట్టుకుపోయిన కుర్రాళ్లని, ఆనక కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చినవాళ్లని చూసిన బస్తీలవి. రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లని ఎత్తుకుపోయే 'ఆపరేషన్ చబుత్రా'లు చూసినవాళ్లు వాళ్లు. 2021లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు దారినపోయేవాళ్లని ఆపి, ఫోన్లు తీయించి, గంజాయి అన్న మాట కోసం వెతికారు. ఆ వీడియోలు దేశమంతా చూసింది. అలాంటి కుర్రాడు ఆపదలో ఎవరిని పిలవాలి?

అలాగని ఆడపిల్లకి 112 అక్కర్లేదంటామా? అనం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు భయంతో మొదట ఫోన్ చేసింది చెల్లెలికి. చదువుకున్న అమ్మాయి 100కి ఎందుకు చేయలేదని అప్పటి హోంమంత్రి అన్నారు. ఆ మంత్రి మావాడే. ఆ రాత్రి ఫిర్యాదు చేయబోయిన తల్లిదండ్రులను మా హద్దు కాదంటూ తిప్పినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. నలుగురు నిందితుల్లో ముస్లిం పేరున్న ఒక్కణ్ణి పట్టుకుని, ఆ ఘోరాన్ని మా అందరి ఖాతాలో రాయాలని చూసినవాళ్లున్నారు. డిసెంబరు 6న నలుగురినీ ఎన్‌కౌంటర్ చేస్తే పూలు చల్లారు. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. ఈ మొత్తంలో మాకు మిగిలింది ఒకటే మాట. భయమేసినప్పుడు మనిషి పిలిచేది నమ్మినవాళ్లని. చెల్లెల్ని పిలవడం ఆ అమ్మాయి తప్పు కాదు. పిలిస్తే వస్తారన్న నమ్మకం కలిగించకపోవడమే తప్పు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత ఇలాంటి యాప్‌లు చాలానే వచ్చాయి. 2015లో ఢిల్లీ పోలీసులు 'హిమ్మత్' తెచ్చారు, ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో 'హాక్ ఐ' వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో 'దిశ' వచ్చింది. మీటల ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కిపట్టుకుంటే సాయం అందేలా ఉండాలని 2016లో కేంద్రం రూలు పెట్టి, 2017 నుంచి అమలన్నది. మంచిదే. కానీ 2024లో అదే హాక్ ఐ వాడినవాళ్ల సమాచారం ఒక కుర్రాడు దొంగిలించి అమ్మకానికి పెట్టాడు. పోలీసులే కేసుపెట్టి అరెస్టు చేశారు. కాపాడమని ఇచ్చిన వివరాలే అంగట్లో పడ్డాయి. దాచుకున్న సమాచారం ఏదో ఒకరోజు మరొకడి చేతిలో పడుతుంది. చేరగానే చెరిపేయాలన్న పిల్లల పట్టుదల మా అమ్మీ నాణెం నేర్పినది మాత్రమే కాదు, కాలం నేర్పినది కూడా.

నిఘా అంటే పోలీసుల వైపే వేలు చూపిస్తే సరిపోదు. మా ఇళ్లలోనూ నిఘా ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని, భర్త చేయిచాచే అవసరం లేకుండా, కూతురింటికో అక్కయ్యింటికో ఒంటరిగా వెళ్లొస్తున్న మా ఆడవాళ్లెందరో. మెహ్రమ్ లేకుండా, నలుగురు కలిసి హజ్‌కి వెళ్లడానికి 45 ఏళ్లు దాటిన స్త్రీలకి 2018 నుంచి దారి దొరికింది. ఈ కాస్త దారి తెరుచుకున్న వేళ, చెల్లి ఏ బస్‌స్టాపులో ఎంతసేపు నిలబడిందో అన్న ఇంట్లో కూర్చుని చూస్తానంటే, అది రక్షణ ఎట్లా అవుతుంది? మా బంధువొకాయన ఈ యాప్ గురించి విని సంబరపడి, "మా అమ్మాయి ఫోన్లో నాకు తెలియకుండా తీసేయకుండా పెట్టివ్వమ్మా" అన్నాడు. పిల్ల నెమ్మదిగానే జవాబిచ్చింది: "అట్లా కుదరదు చాచా. ఎవరు చూడాలో అమ్మాయే చెప్పాలి. వద్దనుకుంటే మీ పేరు తీసేస్తుంది, తీసేసినట్టు మీకు కబురు కూడా రాదు."

ఆయనకి నచ్చలేదు. మాకు ఆ యాప్ అంతట్లో నచ్చినది ఇదే.

తగవు కూడా అలాగే తీరింది. బటన్ నొక్కితే మొదట కబురు పోయేది తను ఎంచుకున్న ముగ్గురికి. 112 దాని పక్కనే మరో బటన్. నొక్కాలో లేదో ప్రయాణికుడి ఇష్టం. అక్క ఫోన్లో రెండూ ఉన్నాయి, తమ్ముడి ఫోన్లో ఒకటే ఉంది. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరికి రెండు రకాల రక్షణ కావాల్సివచ్చింది. ఈ దేశపు ముస్లిం బతుకు అర్థం కావాలంటే పెద్ద పుస్తకాలు చదవనక్కర్లేదు, ఆ రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

అయినా యాప్ చేయలేనిది ఒకటుంది. అది సెక్యులర్ మిత్రులతో చెప్పాలనే ఇది రాస్తున్నాం. 2017 జూన్ 22న ఢిల్లీలో పండగ బట్టలు కొనుక్కుని హర్యానాలోని ఇంటికి వెళ్తున్న జునైద్‌ని రైల్లో పొడిచి చంపారు. పదహారేళ్లు నిండీ నిండని పిల్లవాడు. ఒంటరిగా లేడు, అన్న పక్కనే ఉన్నాడు. పెట్టెనిండా మనుషులున్నారు. 2023 జూలై 31న జైపూర్ నుంచి ముంబై వెళ్తున్న రైల్లో ముగ్గురు ముస్లిం ప్రయాణికులూ ఒక రైల్వే పోలీసు అధికారీ తూటాలకి బలయ్యారు. ఆ ముగ్గురిలో ఒకరు మా హైదరాబాద్ వాసి. ఆ హత్యల కేసులో నిందితుడు అదే రైలుకి కాపలాగా ఎక్కిన కానిస్టేబుల్. ఆ దళం పేరులోనే రక్షణ ఉంది. ఇలాంటిచోట ఎంత మంచి యాప్ అయినా ఏం చేస్తుంది? ముగ్గురికి కబురు పంపుతుంది. ఆ ముగ్గురూ వందల మైళ్ల దూరంలో ఉంటారు. ఆ క్షణంలో చెయ్యి అందేది ఎదురు బెర్తులో ఉన్నవాళ్లదే.

ఒంటరితనం అంటే పక్కన మనిషి లేకపోవడం కాదని అందుకే అంటున్నాం. పక్కన మనుషులుండీ వాళ్లు మనల్ని తమ మనిషి అనుకోకపోవడమే ఒంటరితనం. ముసాఫిర్ భారం చుట్టూ ఉన్నవాళ్లదని మా దీన్ చెప్పింది. దారిన పోయేవాడికి అన్నం పెట్టాలని, దాహమిమ్మని మీ పెద్దలూ చెప్పారు. చలివేంద్రంలో నీళ్లిచ్చేవాళ్లు పేరడిగి ఇచ్చేవాళ్లు కాదు కదా.

యాప్ ఇంకా పూర్తికాలేదు. చార్జింగ్ ఆదా చేసే పేరుతో కొన్ని ఫోన్లు దాన్ని మధ్యలోనే నిద్రపుచ్చుతున్నాయట, పిల్లలు దానితో కుస్తీ పడుతున్నారు. మేం మాత్రం మా పని ముగించాం. ట్రాకింగ్ అన్న చోట ఉర్దూలో 'నిగెహ్‌బానీ' అని, తెలుగులో 'తోడు' అని రాసిచ్చాం. పేర్ల జాబితాలో మూడు ఖాళీలున్నాయి. మా చెల్లెలి కూతురు మొదటి దాంట్లో తల్లి నంబరు, రెండో దాంట్లో హాస్టల్ గదిలో తనతో ఉండే నల్లగొండ పిల్ల నంబరు వేసుకుంది. ఆ అమ్మాయి ముస్లిం కాదు. ఆమె తన ఫోన్లో మా పిల్ల నంబరు వేసుకుంది. మూడోది ఇంకా ఖాళీగానే ఉంది. ఎవరిది వేస్తావని అడిగితే, "రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లది వేసుకునే వీలుంటే బాగుండు మామూ" అన్నది.