ప్రాగ్ ప్రయోగశాలలో నీటి నడతలు

ప్రాగ్ నగరపు పశ్చిమభాగమున, పెట్ర్జినీ పేటలో, కారెల్ ప్రాగెర్ రూపకల్పన చేసిన గాజుగోడల భవనమున బృహదణు రసాయన పరిశోధనాలయము నెలకొని యున్నది. దాని ప్రథమాధ్యక్షుడు ఒట్టో విఖ్టర్లె. అతడును, ద్రహోస్లావ్ లీమ్‌యు కలిసి 1960లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించిన చిన్న వ్యాసమే దేహమునకు హితమగు హైడ్రోజెల్‌ల, అనగా నీటిని పీల్చి ఉబ్బు జెల్‌ల, చరిత్రకు నాంది. మరుసటి యేట క్రిస్‌మస్ వేళ విఖ్టర్లె తన యింటనే, కుమారుల మెర్కుర్ ఆటసామానుతోను సైకిలు డైనమోతోను యంత్రమును కూర్చి, తిరుగుచున్న అచ్చులలో మెత్తని కాంటాక్టు లెన్సులను పోసిన కథ అందరెఱిగినదే. నే నచ్చటికి పోయినది మాత్రము ఆ లెన్సులోని నీటిని గూర్చి తెలిసికొనుటకు.

నాకు దారిచూపిన విదుషీమణి మొదట నా యరచేత ఆ లెన్సు పదార్థపు టెండుబిళ్ల నొకదానిని పెట్టిరి. హైడ్రాక్సీఇథైల్ మెథాక్రిలేట్ అణువుల గొలుసులతో నల్లిన ఆ బిళ్ల గాజుపెంకువలె కఠినము, పెళుసు. నీట నానవేసిన దాని జంటయో, వ్రేళ్లనడుమ వంగి, మడతపడి, వదలినంతనే పూర్వరూపమును పొందెను. దాని బరువులో నూటికి సుమారు 38 పాళ్లు నీరేనట! గొలుసులమీది హైడ్రాక్సిల్ సమూహములు నీటిని లోనికి పిలుచుచుండగా, గొలుసులను ముడివేసిన అడ్డుబంధములు వల మిక్కిలి విచ్చుకొనకుండ బిగబట్టును. ఈ రెండు బలములును సరితూగిన చోట ఉబ్బుట ఆగిపోవును.

ప్రక్కగదిలో, నానిన తునకను సున్నకు మిక్కిలి దిగువగా చల్లార్చి, మరల మెల్లగా వేడిచేయుచు, మంచు కరుగుటకు పట్టిన ఉష్ణమును గీతగా చూపు పరికరము కలదు. ఆ గీతను చదువుట నేర్చిన పిమ్మటగాని, ఒక్క బిళ్లలోని నీరు ఒక్క తీరుగ నడువదని నాకు బోధపడలేదు: కొంత నీరు సామాన్యజలమువలె సున్న దగ్గరనే కరుగును, కొంత అంతకు దిగువనే కరుగును, గొలుసుల చెంతనున్న శేషభాగము ఎంత చల్లార్చినను మంచు కానే కాదు. ఈ త్రివిధ విభజనను 1973లో ఝాన్, ఆండ్రేడ్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. గొలుసు నీటిని గట్టిగ బంధించుటయే దీనికి కారణమా, లేక చలికి వల బిగిసి నీటి యణువులు మంచుగ కూడుకొనుటకు కదలలేకపోవుటయా యన్న వివాదము నేటికిని ముగియలేదు.

ఈ విచారము కేవల కుతూహలమునకు గాదు. కంటి ముందరి పారదర్శకపు పొరయగు కార్నియాకు రక్తనాళములు లేవు. అది ఆక్సిజన్‌ను ప్రధానముగ గాలినుండి కన్నీటి ద్వారా గ్రహించును. విఖ్టర్లె జెల్‌లో ఆ వాయువు నడచు బాట నీరే. ఆ 38 పాళ్లు పగటికి చాలినను, రెప్పలు మూసిన రాత్రికి చాలవు. నీటిని పెంచుకొనుచు పోయినచో లెన్సు బలహీనమగును. అందుచేతనే 1990 దశకము చివర, వాయువును సిలికోన్ గుండ పంపు జెల్‌లు వెలసినవి. కాని సిలికోన్ జలద్వేషి. కన్నీరు దానిపై పరచుకొనుటకును, లెన్సు కంటికి అతుకుకొనక కదలుటకును, జలప్రియమగు భాగమును దానిలో చేర్పక తప్పలేదు. ఇట్లు వాయువునకై వేరొక బాట వేసినవారికిని, కంటిని ఒప్పించు పట్టున నీరే శరణ్యమైనది.