గుమ్మడిదల దారిలో టాప్‌లేని హెరాల్డ్

డిసెంబరు చలిలో, తెల్లవారుజామున, టాప్‌లేని కారెక్కి షికారుకి బయల్దేరే మనిషిని మీరేమంటారు? పిచ్చివాడంటారు. నేనూ అదే అనేవాణ్ణి... మొన్న మా మేనమామ పిలిచేదాకా!

మా మామ బాలానగర్‌లో ముప్ఫై ఏళ్లు లేత్ మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లు కాక ఆయనకున్న ఆస్తి ఒక్కటే: 1960ల నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. ఒకప్పుడు తుక్కు రేటుకి కొని, బజార్లో దొరకని పార్టులు తనే లేత్ మీద చేసుకుని బతికించాడు. ఇప్పుడు దాని రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. అందుకే కబురు.

"కంటి ఆపరేషన్ అయినంక పొద్దుగాల మంచుల నాకు సరిగ కనిపిస్తలేదు అల్లుడా. ఈసారి బండి నువ్వు తోలు. తోలినంక చెప్పు, దీన్ని ఏం చెయ్యాల్నో" అన్నాడు.

హీరోగారి కారు

పాత సినిమాలు చూసేవారికి ఈ కారును పరిచయం చెయ్యనక్కర్లేదు. స్టూడియోలో కారు నిలబెట్టి, వెనక తెర మీద చెట్లు పరుగెత్తిస్తూ, హీరోగారు స్టీరింగు అటూ ఇటూ ఊపుతుంటే హీరోయిన్ కొంగు ఫ్యాను గాలికి ఎగిరే పాటలున్నాయే, వాటికి సరిగ్గా అతికే బండి! 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డుగా పుట్టింది. గీసినవాడు ఇటలీకి చెందిన మిచెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్‌వారు తయారుచేశారు.

ఇది స్పోర్ట్స్ కారా అని పెదవి విరవకండి. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డు ఛాసిస్‌నే పొట్టి చేసి కట్టింది. అంటే వరసకి తమ్ముడన్నమాట! పైగా హెరాల్డు టాప్ బోల్టులతో బిగించి ఉంటుంది. విప్పి పక్కన పెట్టేయొచ్చు. మా మామ ఏటా దీపావళి వెళ్లగానే విప్పుతాడు, శివరాత్రికి బిగిస్తాడు.

"చలికాలంలోనే ఎందుకు మామా?" అంటే నవ్వాడు. నిజమే మరి! ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి తుప్పు పడుతుందని పాత కార్లకి గుడ్డ కప్పి వసంతకాలం దాకా దాచేస్తారు. మన దగ్గర తిరకాసు. ఎండాకాలం రేడియేటరు కుతకుత ఉడుకుతుంది, వానాకాలం టాప్ విప్పే మాటే లేదు. ఇక మిగిలింది ఈ నాలుగు నెలలే. పైగా చల్లగాలి చిక్కగా ఉంటుంది కనక 948 సీసీల చిన్న ఇంజను కూడా హుషారుగా లాగుతుంది.

ముక్కుతో చూసిన దారి

అయిదున్నరకి చోక్ లాగి స్టార్ట్ చేశాను. రెండు దగ్గులు, ఒక తుమ్ము, ఆపైన పలికింది. మంకీ క్యాపులు, స్వెట్టర్లు, మామ ఒళ్లో రగ్గు... హీరోల్లా లేమని మీకు మనవి! మొదటి మలుపులోనే, బండి కదులుతుండగా మొదటి గేరు వేయబోయాను. పళ్లు కొరికిన చప్పుడు. "ఆగినంకనే ఒకటో గేరు!" అని మామ మోచేతి మీద తట్టాడు.

టాప్‌లేని కార్లో దారిని ముక్కుతో కూడా చూస్తాం. జీడిమెట్ల దగ్గర మందుల ఫ్యాక్టరీల ఘాటు గొంతు పట్టుకుంది. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు, పొగా వాసనా అక్కడే కూర్చుంటాయి. అద్దాలు మూసుకుని ఏసీ కార్లో పోయేవారికి ఈ సంగతి తెలియదు. గండిమైసమ్మ దాటి, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వైపు వచ్చేసరికి వాసన తగ్గి, తడిసిన గడ్డి వాసన మొదలైంది. ఎదురుగా వచ్చే లారీల లైట్లు మంచులో పసుపు ముద్దల్లా ఉన్నాయి.

గుమ్మడిదల చేరేసరికి సూర్యుడు ఎర్రగా లేచాడు. పూర్వపు మెదక్ జిల్లా ఊరు, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. ఈ మండలంలోనే బొంతపల్లి వీరభద్రస్వామి ఉన్నాడు, ఫ్యాక్టరీలూ ఉన్నాయి. రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర షిఫ్టుకి పోయేవాళ్లు కారు చుట్టూ మూగారు. బానెట్టు మొత్తం ముందుకి తెరుచుకునేసరికి ఒక కుర్రాడు "అబ్బ, మొసలి నోరు తెరిచినట్టుంది!" అన్నాడు. ముందు చక్రాలు తిరిగే కీళ్లకి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పోయాలని మామ వాళ్లకి పాఠం చెప్పాడు.

చాయ్ దగ్గర మాట గాలి మీదికి మళ్లింది. 2025 ఫిబ్రవరిలో ప్యారానగర్ దగ్గర చెత్త కేంద్రం వద్దంటూ నల్లవల్లి, గుమ్మడిదల జనం రోడ్డెక్కిన సంగతి ఒకాయన చెప్పాడు. "మీ కారుకి పైకప్పు లేదు సార్, మా ఊరికీ లేదు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

అడవిలో పాఠం

అక్కణ్ణుంచి నర్సాపూర్ అడవి. షూటింగుల పుణ్యమా అని మీరు తెర మీద చూసే ఉంటారు. అన్నట్టు, సంగారెడ్డి జిల్లాలోనే ఖాజీపల్లి దగ్గర 1,650 ఎకరాల అడవిని 2020లో మన ప్రభాస్ దత్తత తీసుకున్నాడు.

చెట్ల మధ్య చలి ఒక్కసారిగా పెరిగింది. వంపులో ఓ కోతి అడ్డం దూకింది. గబుక్కున ఆక్సిలరేటరు మీంచి కాలు తీసి బ్రేకు తొక్కాను. వెనక భాగం పైకి లేచి పక్కకి జారింది! ఎలాగో బండిని నిలబెట్టాను. గుండె దడ తగ్గాక మామ చెప్పాడు. హెరాల్డు వెనక చక్రాలు దేనికవి ఊగుతాయి. వంపులో బరువు తీసేస్తే లోపలికి మడుచుకుంటాయి. "వంపుకు ముందే స్పీడ్ తగ్గించుకోవాలె. వంపుల కాలు తియ్యద్దు. ఈ ముచ్చట పుస్తకంల చదివితే రాదు."

తిరుగు దారిలో అసలు విషయం ఎత్తాను. 2021 జూలైలో కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారును వింటేజిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఫీజు 20 వేలు. పేరుకి గౌరవమే గాని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ రోడ్డెక్కకూడదు. మామూలు కారుగానే ఉంచితే అయిదేళ్లకోసారి తనిఖీ, రెన్యూవలు. ఆ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5 వేలయింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10 వేలయింది. ఇవేవీ వద్దంటే, అమ్మెయ్యమని కొడుకు పోరు.

"ఏమంటవ్?" అన్నాడు మామ, రోడ్డు వైపే చూస్తూ.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు వింటేజి అనే చెప్పాలనుకున్నాను. కాని షెడ్డులో నిలబెట్టిన కారు నాకు ఆ వంపు సంగతి నేర్పేదా? మామ తర్వాత అది ఎవరికి తెలిసేది?

"మామూలుగానే రెన్యూవల్ చేయిద్దాం మామా. తనిఖీకి నేనే తీసుకుపోతా."

ఆయనేం మాట్లాడలేదు. రగ్గు సగం తీసి నా మోకాళ్ల మీద కప్పాడు.

శివరాత్రి దాకా ఆదివారాలన్నీ మావే. గుమ్మడిదల దగ్గర మంకీ క్యాపులతో టాప్‌లేని కారు కనిపిస్తే చెయ్యి ఊపండి. వంపులో మాత్రం వద్దు సుమా!